నాలుగేళ్ల బాబు మోకాళ్లు తాకుతున్నాయి: ఫ్లోరైడ్ వల్లనా, వయసు వల్లనా?

అమ్మా, మీ బాబుకు నాలుగేళ్లు నిండాయని, నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తాకి చీలమండలు ఎడంగా ఉంటున్నాయని, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయిన వాళ్లను చూసిన మీ అత్తగారు భయపడుతున్నారని రాశారు. మునుగోడు ప్రాంతంలో చాలా ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసిన నేను ఇదే ప్రశ్నను తల్లుల నోట తరచుగా విన్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నడక నేర్చే వయసులో దొడ్డికాళ్లు ఉండటం మామూలు. రెండేళ్లకు అటూ ఇటూగా అవి నిటారవుతాయి, ఆ తర్వాత మోకాళ్లు లోపలికి వంగడం మొదలై మూడు, నాలుగేళ్ల వయసులో ఆ వంపు అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఏడేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో ఏ వైద్యమూ లేకుండానే సర్దుకుంటుంది. మీ బాబు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. వాడిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు రెండూ ఆనించి, చీలమండల మధ్య ఎడం ఎంత ఉందో స్కేలుతో కొలిచి తేదీతో సహా రాసిపెట్టుకోండి. మూడు నెలలకోసారి ఇలా కొలిస్తే వంపు పెరుగుతున్నదో తగ్గుతున్నదో మీకే తెలుస్తుంది. ఎడం 8 సెంటీమీటర్లు దాటినా, వంపు ఒక కాలికే ఉన్నా, బాబు కుంటుతున్నా, రాత్రి కాక పగలు కూడా నొప్పి అంటున్నా, మణికట్ల దగ్గర ఎముక ఉబ్బినట్టు కనిపించినా, ఎత్తు తోటి పిల్లల కంటే బాగా తక్కువగా ఉన్నా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఈ లక్షణాల్లో కొన్ని విటమిన్ డి లోపం వల్ల ఎముకలు మెత్తబడే రికెట్స్ అనే జబ్బువి అయి ఉండవచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. కాళ్లకు పట్టీలు కట్టడం, ప్రత్యేకమైన బూట్లు తొడగడం వంటివి ఎవరైనా చెబితే డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

అయితే మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. నాగార్జునసాగర్ పరిసరాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగే గ్రామాలలో మోకాళ్లు ఇలా లోపలికి వంగిపోయిన యువకుల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. ఆ వంపు కనిపించింది ప్రధానంగా యుక్తవయసు వాళ్లలో, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగాక. నాలుగేళ్ల పిల్లవాడి మోకాళ్లను చూసి అదే అనుకోవలసిన పని లేదు. కానీ ఆ నీళ్ల విషయంలో జాగ్రత్త పడవలసిన వయసు మాత్రం ఇదే, ఎందుకంటే ఆరేడేళ్లకు బయటికి వచ్చే శాశ్వత పళ్ల ఎనామెల్ (పంటి మీది గట్టి పొర) ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతూ ఉంటుంది. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వరకు ఒంట్లో చేరే ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పళ్లు సున్నపు మచ్చలతో, తర్వాత గోధుమరంగు చారలతో వస్తాయి, ఒకసారి అలా వచ్చాక ఆ మచ్చలు తోమితే పోవు. పాలపళ్లు తెల్లగా ఉన్నాయి కదా అని తల్లులు నిశ్చింతగా ఉండటం, మా కేంద్రం నుంచి బడికి వెళ్లిన పిల్లలు రెండో తరగతికి వచ్చేసరికి ముందుపళ్ల మీద చారలు కనిపించడం నేను చూశాను, అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ముందు మీ ఇంటి నీటి సంగతి తేల్చుకోండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. మిషన్ భగీరథ నల్లా ద్వారా వచ్చే శుద్ధిచేసిన నది నీరు తాగితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, తాగడానికి నల్లా నీళ్లు పట్టుకున్న ఇళ్లలో కూడా అన్నం, పప్పు వండటానికి బోరు నీళ్లే వాడుతుంటారు, నల్లా రెండు రోజులు రాకపోతే తాగడానికీ బోరే దిక్కవుతుంది. వంటలోకి వెళ్లిన నీళ్లూ పిల్లవాడి కడుపులోకే వెళ్తాయి. మరిగించడం వల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు కూడా దీన్ని తీయలేదు, ఆర్‌ఓ తీస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో బోరు నీటిని పరీక్ష చేయించుకోవచ్చు, పంచాయతీ కార్యదర్శిని అడిగితే దారి చెబుతారు. పక్కింటి బోరు ఫలితం మీ బోరుకు వర్తించదు, ఒకే ఊరిలో బోరుకూ బోరుకూ తేడా ఉంటుంది.

చాయ్ గురించి కూడా చెప్పాలి. చిన్న పిల్లలకు చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం మన దగ్గర చాలా ఇళ్లలో అలవాటు. చాయ్ పత్తిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, కనుక ఆ గ్లాసు స్థానంలో పాలు ఇవ్వండి. కాల్షియం కడుపులో ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంట్లో చేరకుండా కొంత ఆపుతుంది. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వుల ఉండలు, మునగాకు పప్పు దానికి సరిపోతాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు మానిపించకండి. ఉదయం కొంతసేపు ఎండలో ఆడనివ్వండి, విటమిన్ డి కోసం అంతకంటే ఖర్చులేని మార్గం లేదు. పళ్లు తోమేటప్పుడు పేస్టు బఠానీ గింజంతే వేసి, మింగకుండా ఉమ్మేలా పక్కన నిలబడి చూడండి.

బరువు, ఎత్తు ప్రతి నెలా అంగన్‌వాడీలో చూపించి, వృద్ధి పట్టికలో గీత ఎటు పోతున్నదో మీరే అడిగి తెలుసుకోండి. ఈ వయసులో ఏడాదికి సుమారు 2 కిలోలు, ఆరేడు సెంటీమీటర్లు పెరగడం సహజం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తుంది, ఆ రోజు ఎప్పుడో టీచరును ముందే అడిగి, మీరు రాసుకున్న కొలతల కాగితం తీసుకెళ్లి బాబు కాళ్లు, పళ్లు రెండూ చూడమని చెప్పండి.