ఐపీ పెట్టవచ్చా?

ప్రశ్న: మావారికి పర్లాకిమిడిలో కుట్టుపని దుకాణం ఉంది. వడ్డీ వ్యాపారుల దగ్గర, యాప్‌లలో చేసిన అప్పులు తీరే దారి లేదు. ఆయనకు నిద్ర పట్టదు, బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమని కొందరంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి చూడండి. అప్పుల దిగులు నిద్రను చెడగొట్టి రక్తపోటును పెంచుతుంది. అప్పుడే పొదుపు పేరిట మందులు తగ్గిస్తే పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరిగి, ఆసుపత్రి ఖర్చు మరో అప్పవుతుంది. ప్రభుత్వాసుపత్రిలో అడిగి, మాత్రలు రోజూ వేయించండి. ఆయన బతుకు మీద విరక్తిగా మాట్లాడితే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక ఐపీ సంగతి. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం సామాన్యులకు ఇంకా అమలులోకి రాలేదు కనుక, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందనే జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. ఆస్తి కోర్టు అధీనంలోకి వెళ్తుంది గానీ, కుట్టుమిషన్ వంటి వృత్తి పనిముట్లకు మినహాయింపు ఉంది. తాకట్టు పెట్టిన నగల మీద అప్పిచ్చినవారి హక్కు మాత్రం పోదు. ఆస్తిని ముందే బావమరిది పేరిట రాసేసి ఐపీ పెట్టే తెలివి మన ఊళ్లలో కొత్తేమీ కాదు. అలాంటి బదిలీని కోర్టు రద్దు చేయగలదు.

నెల రాబడి వడ్డీకే చాలక, అమ్మడానికీ ఏమీ మిగలనప్పుడే ఐపీ దారి ఆలోచించండి. అంతకుముందే ప్రామిసరీ నోట్ల నకళ్లు, యాప్ సందేశాలు, రసీదులు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, లోక్ అదాలత్‌లో రాజీకి వీలుందేమో అడగండి.