అన్నం తగ్గించబోతున్న మేనల్లుడికి

నాయనా,

మూడు నెలల సగటు షుగరు 6.2 వచ్చిందని, డాక్టరుగారు అన్నం బాగా తగ్గించమన్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బెంగపెట్టుకోకు. షుగరు జబ్బు అనేది 6.5 నుంచి. నువ్వు మేల్కోవలసిన సమయానికే మేల్కొన్నావు.

మన ఇళ్ళల్లో అన్నం తగ్గించడమంటే పస్తుండడమే అనుకుంటారు. అందుకే మూడో నాటికే నీరసమొచ్చి మళ్ళీ పప్పన్నం ముందు కూర్చుంటారు. నువ్వు ఆకలితో లేవకు. కంచంలో అన్నం తగ్గిన మేర కూర నింపు. ముందు కూర కడుపునిండా తిను. ఇంకా మనసు లాగితే ఆఖర్న ఒక్క గరిటెడు అన్నం పెరుగులో కలుపుకో. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. అంతే తూకం బీరకాయలో ఐదు గ్రాములు కూడా ఉండదు.

ఆ బీరకాయతోనే మొదలుపెట్టు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో మగ్గాక ముక్కలు వెయ్యి. అవి ఊరే నీరంతా ఇగిరి నూనె తేలేదాకా ఆగి, అప్పుడు మూడు గుడ్లు కొట్టు. తొందరపడితే పొరటు కాస్తా పులుసవుతుంది. దించేముందు మిరియాలపొడి చల్లు. దీనికి అన్నం అక్కర్లేదు, చెంచాతో తినేయొచ్చు.

పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు వేసుకో. రుబ్బేటప్పుడు బియ్యం కలపకు, పైన గుడ్డు కొట్టించు. పెసల్లోనూ పిండి ఉంది కాబట్టి ఒక్కటి చాలు. అల్లం పచ్చడిలో బెల్లం వద్దు. మధ్యాహ్నం గోంగూర మాంసం, చేపల పులుసు, తోటకూర వేపుడు, గుత్తివంకాయ, ఏదైనా సరే. బంగాళాదుంప, చేమదుంప, అరటికాయ మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టు. సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలు, చక్కెర లేని కాఫీ.

అన్నం మానేసి జొన్నరొట్టె, రాగిసంకటి ఎంతైనా తినొచ్చని నీకు చాలామంది చెబుతారు. వినకు. వాటిలో పీచు ఎక్కువ, నిజమే. కానీ ఆ గింజల తూకంలోనూ మూడింట రెండు వంతులు పిండే.

మొదటి వారం తలనొప్పి, కళ్ళు తిరగడం ఉండొచ్చు. పిండి తగ్గగానే ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. పల్చటి మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం వేసుకుని తాగు. బీపీ ఉంటే మాత్రం ఉప్పు సంగతి డాక్టరుగారిని అడిగాకే. నీతోపాటు మీ నాన్న కూడా మొదలుపెడతానంటున్నాడట. ఆయన షుగరు మాత్రలు వాడుతున్నాడు. మోతాదు సరిచేయించుకోకుండా అన్నం తగ్గిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ముందు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళు, ఆ తర్వాతే కంచం మార్చండి.

మూడు నెలలకి మళ్ళీ రక్తపరీక్ష చేయించుకుని ఎంతొచ్చిందో నాకు చెప్పు. ఈలోగా ఏ కూర ఎలా వండాలో తోచకపోతే వేళ చూడకుండా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్త