బడి సీటుకి లాటరీ అంటే భయపడాలా?

ప్రశ్న: అమెరికా వచ్చి ఏడాది కావస్తోంది. మా పాప వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. అద్దె ఎక్కువైనా మంచి రేటింగ్ ఉన్న బడి పక్కనే అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఇప్పుడేమో అన్ని వర్గాల పిల్లలూ కలిసి చదవాలని మా స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) వాళ్లు, ఇంటిని బట్టి బడి ఇచ్చే పద్ధతి మారుస్తారట. జోన్లు, లాటరీ అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో దీన్ని ఆపాలని పిటిషన్ తిరుగుతోంది. సంతకం పెట్టమంటారా?

జవాబు: సంతకం సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆ ప్రతిపాదనని డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో వెతికి చదవండి. గ్రూపులో ఫార్వర్డ్ చేసిన వాళ్లలో చదివినవాళ్లు తక్కువే ఉంటారు.

ఫ్రీమాంట్ కానీయండి, ఫ్రిస్కో కానీయండి, ఎడిసన్ కానీయండి, మనవాళ్లు ఇల్లు వెతికేది బడి రేటింగ్ పట్టుకునే. ఆ అంకెలో పెద్ద వాటా పరీక్ష మార్కులది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ షాన్ రియర్డన్ బృందం దేశమంతటి మార్కులను పోల్చి చూసింది. సగటు మార్కులు కుటుంబాల ఆర్థిక స్థితిని బట్టి బాగా మారుతున్నాయి కానీ, పిల్లలు ఏటేటా ఎంత ముందుకు వెళ్తున్నారన్నది డబ్బుతో అంతగా ముడిపడిలేదు. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్ల పిల్లలతో నిండిన బడికి పదికి 9 వచ్చిందంటే అందులో టీచర్ల ఘనత ఎంతో ఆ అంకె చెప్పదు. 4 వచ్చిన బడిలో చదువు అద్భుతంగా ఉండొచ్చు కూడా. వెళ్లి చూడకుండా తెలియదు. చాలా బడులు అడ్మిషన్ల సమయంలో తల్లిదండ్రులకి తరగతులు చూపిస్తాయి, తప్పకుండా వెళ్లండి.

ఇంటిని బట్టి బడి అనే పద్ధతి వినడానికి సహజంగా ఉంటుంది. కానీ ఎవరు ఎక్కడ ఉండాలన్నది ఇక్కడ చాలాకాలం స్వేచ్ఛగా జరగలేదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే నల్లజాతివాళ్లుండే పేటలకి మ్యాపుల మీద ఎర్ర రంగు వేసింది. అక్కడ ఇంటి అప్పు పుట్టేది కాదు. బడి నిధుల్లో పెద్ద భాగం ఆస్తి పన్ను నుంచే కాబట్టి ఆ తేడా బడుల్లోకీ వచ్చింది. జాతిని బట్టి వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో తీర్పిచ్చింది. అయితే 1974లో డెట్రాయిట్ కేసులో, పిల్లల్ని జాతిని బట్టి విడదీసినట్టు రుజువు కాని శివారు డిస్ట్రిక్టులను, పిల్లల్ని కలిపే ఏర్పాటులోకి లాగకూడదని అదే కోర్టు తేల్చింది. అందుకే ఈ ప్రయత్నాలు చాలావరకు ఏ డిస్ట్రిక్ట్‌కి ఆ డిస్ట్రిక్ట్ లోపలే జరుగుతుంటాయి.

'ఏషియన్ పిల్లలని పక్కన పెట్టేస్తారట' అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. సియాటిల్, లూయిస్‌విల్ కేసుల్లో 2007లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ఫలానా జాతి బిడ్డ అని చూసి సీటు ఇవ్వడమో ఆపడమో కుదరదు. ఇప్పుడు పేటనో ఆదాయాన్నో చూస్తారు. బర్క్‌లీలో ఊరిని 400కి పైగా చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో తల్లిదండ్రుల ఆదాయం, చదువు, జనాభాలో జాతుల కలయిక లెక్కగట్టారు. ఒకే ముక్కలో ఉన్న పిల్లలందరికీ, ఏ జాతివాళ్లయినా, ఒకే లెక్క. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో తల్లిదండ్రులు నచ్చిన బడులు వరుసగా రాసిస్తారు. తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు అన్ని బడుల్లోనూ దాదాపు ఒకే నిష్పత్తిలో ఉండేలా డిస్ట్రిక్ట్ సర్దుతుంది.

అలాగని లాటరీ పెట్టగానే న్యాయం జరిగిపోదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఊరంతటికీ కలిపి లాటరీ పెట్టి, మార్కులు బాగా తక్కువ ఉన్న పేటల పిల్లలకి ముందు అవకాశం ఇచ్చారు. బడులు తిరిగి చూసి గడువులోపు ఫారం ఇవ్వగల తీరిక ఉన్నవాళ్లకే మంచి సీట్లు ఎక్కువగా దక్కాయి. ఆ పేటల్లోకి కొత్తగా చేరిన డబ్బున్న కుటుంబాలూ ఆ అవకాశం వాడుకున్నాయి. చివరికి 2018లో స్కూల్ బోర్డే ఈ పద్ధతి మార్చాలని తీర్మానించింది. 2020లో జోన్ల పద్ధతిని ఆమోదించింది, అమలు మాత్రం వాయిదాలు పడుతూ వచ్చింది. నా ఉద్దేశంలో ఏ పద్ధతి న్యాయమైనదో తేలేది దరఖాస్తు ఫారం దగ్గరే. గడువు తేదీ ఎవరికి తెలుస్తుంది, ఎవరికి తెలియదు? మన గ్రూపుల్లో అది నెల ముందే తెలిసిపోతుంది. మీ కాంప్లెక్స్‌లో స్పానిష్ మాట్లాడే ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ ఉంటే ఆ తేదీ వాళ్లకీ చెప్పండి.

ఫారాల దగ్గర ఇంకో రెండు మాటలు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగితే 'ఇంగ్లీష్ అని రాసేయండి, లేకపోతే పరీక్ష పెడతారు' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పెట్టనివ్వండి. పాపకి ఇంగ్లీష్ బాగా వస్తే అక్కడితో అయిపోతుంది, రాకపోతే సాయం అందుతుంది. కాలిఫోర్నియాలో మధ్యాహ్న భోజనం అందరికీ ఉచితమే అయినా ఆదాయం ఫారం ఇస్తే నింపండి, తక్కువ ఆదాయం పిల్లల లెక్కని బట్టే బడికి అదనపు నిధులు వస్తాయి.

స్నేహితుల అడ్రస్ పెట్టి వేరే డిస్ట్రిక్ట్‌లో చేర్చే ఆలోచన ఉంటే మానేయండి. ఒహాయోలో ఒక తల్లి తన తండ్రి అడ్రస్‌తో పిల్లల్ని చేర్చినందుకు 2011లో జైలుకి వెళ్లింది. వీసా మీద ఉన్నవాళ్లకి అబద్ధపు కాగితాలతో చెలగాటం అసలే వద్దు.

ఇక పిటిషన్. 'ఈ మార్పే వద్దు' అనేది అయితే నేనైతే సంతకం పెట్టను. స్కూల్ బోర్డు మీటింగ్‌కి మాత్రం వెళ్లి ఇవి అడుగుతాను. దూరం బడి వస్తే బస్సు ఇస్తారా? బస్సు లేని ఛాయిస్ కారు లేనివాళ్లకి ఛాయిసే కాదు. అక్కాతమ్ముళ్లకి ఒకే బడి ఇస్తారా? అన్నిటికన్నా ముఖ్యం, గడువు దాటాక వచ్చేవాళ్ల సంగతేమిటి? వీసా వచ్చి జులైలో దిగే మనవాళ్లూ, అద్దె కట్టలేక ఏడాది మధ్యలో ఇల్లు మారేవాళ్లూ ఆ లాటరీలో మిగిలిన సీట్లతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. ప్రతి బడిలో కొన్ని సీట్లు వాళ్లకోసం ఆపి ఉంచమని అడగండి. మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు, పేరు ముందే నమోదు చేసుకోండి.