పటం వెనకవైపు ఏముందో చూడండి

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక జమీందారీ బంగళా సామాను అమ్మినప్పుడు మా తాతగారు కొన్న తైలవర్ణ చిత్రం ఒకటి మా ఇంట్లో ఉంది. పల్లెటూరి అమ్మాయి బావిగట్టు మీద కుండ ఆనించి నిలబడిన దృశ్యం. కింద కుడిమూల సంతకం, వెనక చెక్క మీద ఫ్రెంచి మాటలు, 15 అనే అంకె ఉన్నాయి. ఒక వ్యాపారి దీన్ని శుభ్రం చేయించి లండన్ వేలంలో పెట్టిస్తానంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట

జవాబు: అమ్మా, శుభ్రం చేయించే మాట ఇప్పటికి ఆపండి. పసుపెక్కిన వార్నిషును సబ్బునీళ్లతో, బంగాళాదుంప ముక్కతో రుద్దేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ రుద్దుడుకు పైపూతతోపాటు చిత్రకారుడు చివర్లో సన్నగా వేసిన రంగు కూడా లేచిపోతుంది. అలా పోయిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. కొనేవారు మురికిని క్షమిస్తారు గాని అరిగిన ముఖాన్ని క్షమించరు.

తరువాత పటాన్ని దించి, బల్ల మీద దుప్పటి పరిచి, బోర్లా పెట్టి చూడండి. 15 అనే అంకె ధరా కాదు, సంవత్సరమూ కాదు. ఫ్రాన్సులో కాన్వాసులను నిర్ణీత కొలతల్లో అమ్మేవారు. మనుషుల బొమ్మలకు వాడే 15వ నంబరు కాన్వాసు పొడవు 65, వెడల్పు 54 సెంటీమీటర్లు. టేపు పెడితే ఆ లెక్క సరిపోయిందంటే కాన్వాసు ఫ్రాన్సు నుంచి వచ్చిందనడానికి అది మంచి ఆధారం, చిత్రకారుడెవరో మాత్రం దానివల్ల తేలదు. వెనక చెక్క చట్రం మూలల్లో చిన్న చెక్క సీలలు, పాత కాగితం చీటీలు, సుద్దతో రాసిన నంబర్లు ఉంటే ఒక్కటీ పీకకుండా ఫొటోలు తీయండి. పారిస్‌లో ఇలాంటి చిత్రాలను పెద్దఎత్తున అమ్మిన గూపిల్ సంస్థ 1846 నుంచి 1919 వరకు రాసుకున్న సరుకు పుస్తకాలు అమెరికాలోని గెట్టీ పరిశోధన సంస్థ దగ్గర ఉన్నాయి, వాటిని ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. అయితే గూపిల్ వారే అచ్చు నకళ్లను కూడా విరివిగా అమ్మారు కనుక, చీకటి గదిలో టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వేసి, కుంచె గీతలు ఎత్తుపల్లాలుగా బొమ్మను అనుసరించి సాగుతున్నాయో, లేక గరుకుతనమంతా ఒకే తీరుగా ఒత్తినట్టుందో భూతద్దంతో పరిశీలించండి; రెండో రకమైతే అది అచ్చు నకలేనని అనుమానించాలి.

ఇక లండన్ సంగతి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన చిత్రాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దాటిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడతాయి. చిత్రం ఫ్రాన్సుదే కదా అన్న వాదన నమ్ముకోవద్దు, ఎందుకంటే ఆ నిర్వచనం వయసును చూస్తుంది గాని దేశాన్ని కాదు. వయసు 100 దాటినట్టు తేలితే ఆ చట్టం కింద పురావస్తువులను నమోదు చేసే రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించి, ముంబయిలోని వేలం సంస్థల ద్వారా దేశంలోని కొనుగోలుదారుకే అమ్మాలి. పాటదారులు ఇక్కడివారే కాబట్టి న్యూయార్క్ ధరలతో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది.

కనీస ధర, అంటే అంతకు తగ్గితే అమ్మవద్దని మీరు ముందే సంస్థకు చెప్పే ధర, విషయంలో ఆశపడకపోవడం నా గట్టి సలహా. ఇలాంటి బొమ్మలు గీసిన 19వ శతాబ్దపు ఫ్రెంచి అకాడమీ సంప్రదాయంలో అగ్రగణ్యుడైన చిత్రకారుడు బూగరో 1884లో గీసిన బాకస్ యవ్వనం అనే భారీ చిత్రానికి 2019లో న్యూయార్క్‌లో రెండున్నర కోట్ల నుంచి మూడున్నర కోట్ల డాలర్లు వస్తాయని అంచనా కట్టారు; చివరికి అది అమ్ముడుపోలేదు. వేలంలో మిగిలిపోయిన బొమ్మకు మళ్లీ పాట కట్టడానికి జనం చాలాకాలం వెనకాడతారు. కనుక అంచనాలో దిగువ అంకెకు మించకుండా కనీస ధర పెట్టించండి. మీకు వచ్చేది ఖరారైన పాట ధరలోంచి సంస్థ కమీషను, బీమా, ఫొటోల ఖర్చు పోగా మిగిలినది. కొన్నవారు పైన కట్టే ప్రీమియం సంస్థకే పోతుంది. అమ్ముడుపోకపోతే ఏమి వసూలు చేస్తారో కూడా ఒప్పందంలో రాయించుకోండి. తాతగారి ఆస్తి కాబట్టి మీ బాబాయిలు, మేనత్తలు వారసులైతే వారి సంతకాలు కూడా కావాలి. ఆనాటి కొనుగోలు రసీదు ట్రంకు పెట్టెలో ఎక్కడైనా దొరికితే అది బొమ్మ విలువనే పెంచుతుంది.

ఆ వ్యాపారికి మాత్రం రసీదు లేకుండా పటం చేతికివ్వకండి. ఈలోగా సముద్రపు గాలి తగిలే కిటికీ ఎదుట కాకుండా, తడి ఊరని లోపలి గోడకు, వెనక కాస్త గాలి ఆడేలా వేలాడదీయండి.