బోరు పక్కన బూడిద పోయించుకోవడానికి టీసీఎల్‌పీ రిపోర్టు సరిపోతుందా?

నల్లగొండ దగ్గర మీ పల్లపు చేనును బొగ్గు బూడిదతో ఊరికే పూడ్చి ఇస్తామన్నారు, టీసీఎల్‌పీ (వ్యర్థంలోంచి విషపదార్థాలు ఎంత దిగుతాయో చూసే ల్యాబు పరీక్ష)లో ‘పరిమితుల్లోనే ఉంది’ అన్న కాగితం చూపించారు, పక్కనే తాగునీటి బోరు ఉంది. ఇదీ మీ ప్రశ్న. ఆ కాగితం అబద్ధమని నేను అనను. మీరు అడుగుతున్నదానికి మాత్రం అందులో జవాబు లేదు.

వ్యర్థాలను పరీక్షించే ల్యాబులో కొన్నేళ్లు పనిచేశాను. ఊరి చెత్తతో కలిపి పడేస్తే, ఆ చెత్త కుళ్లి పుట్టే ఆమ్లానికి వ్యర్థంలోంచి ఏమేం దిగుతాయో చూడడానికి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన పరీక్షే ఈ టీసీఎల్‌పీ. అందుకే ఎసిటిక్ ఆమ్లం వాడతారు. బూడిద బరువుకు ఇరవై రెట్లు ద్రావణం పోసి, మూత బిగించి, నిమిషానికి 30 చుట్లు తలకిందులుగా తిప్పే యంత్రంలో సుమారు 18 గంటలు ఉంచుతాం. మర్నాడు సీసా తెరిస్తే పులుపు వాసన ముక్కుకు గుప్పుమంటుంది. వడగట్టి లోహాలు కొలుస్తాం.

మీ చేనులో బూడిద మీద పడేది ఆ ఆమ్లం కాదు, వాన. బూడిద చాలాసార్లు క్షారగుణంతో ఉంటుంది. ఆర్సెనిక్, సెలీనియం, ఆరు సంయోజకత గల క్రోమియం (క్రోమియంలో విషపూరితమైన రూపం) అలాంటి క్షార నీటిలోనూ కదులుతాయి.

అసలు తిరకాసు అంకెల్లో ఉంది. ఆర్సెనిక్‌కు టీసీఎల్‌పీ పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు, మన తాగునీటి ప్రమాణం 0.01. అయిదు వందల రెట్ల తేడా! పైగా ద్రావణం ఇరవై రెట్లు కాబట్టి, కిలో బూడిదలో 100 మిల్లీగ్రాముల లోపు ఆర్సెనిక్ ఉంటే అదంతా కరిగినా పరిమితి దాటదు. పాసైతే ఆ లోహాల లెక్కన అది ప్రమాదకర వ్యర్థం కాదని అర్థం, అంతే. బోరు సంగతి ఆ పరీక్షకు తెలియదు. బూడిద తోలే కాంట్రాక్టర్లకు మాత్రం ఈ తేడా బాగానే తెలుసు.

మామూలు నీటితో చేసే లీచింగ్ పరీక్ష (నీటిలోకి ఏమేం దిగుతాయో చూసేది) అడగండి. కిలో బూడిదకు పది లీటర్ల నీళ్లతో 24 గంటలు కలిపే ఐరోపా పద్ధతి ఒకటి ఉంది. అందులో చివరి పీహెచ్ (నీరు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), ఫ్లోరైడ్ తప్పకుండా కొలిపించండి. కుప్ప మీది గుప్పెడు బూడిద చాలదు; వేర్వేరు లారీల నుంచి, మీరు నిలబడి చూస్తుండగా తీయించి కలపమనండి.

మొదటి లారీ రాకముందే బోరు నీటికి విడిగా పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. లేకపోతే రేపు ఫ్లోరైడ్ పెరిగిందని మీరు అడిగినా, ‘నల్లగొండలో అది ఎప్పటి నుంచో ఉన్నదే కదా’ అని చేతులు దులుపుకుంటారు.