నగదు ఇవ్వాలా, అంగన్‌వాడీ మీద ఖర్చు పెట్టాలా?

పిల్లల కోసం ప్రభుత్వ సొమ్మును తల్లుల ఖాతాలో వేయడం మేలా, సేవల మీద పెట్టడం మేలా అన్నది ప్రశ్న. రెండూ కావాలి. కానీ ముందు చూడవలసింది ఏ వయసులో సాయం అందుతోందన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన తల్లికి వందనం పథకం ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించింది. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లికి చేరతాయి. మంచిదే. అయితే బిడ్డ బడిలో చేరే నాటికే ఎదుగుదలలో కీలకమైన ఏళ్లు గడిచిపోతాయి. గర్భిణులకు కనీసం 6,000 ఇవ్వాలని 2013 ఆహార భద్రతా చట్టం చెప్పింది. కానీ కేంద్రం మాతృ వందన పథకం తొలి కాన్పుకు ఇచ్చేది 5,000.

టంగుటూరులో పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే తల్లిని తీసుకోండి. మూడేళ్లు నిండితే బిడ్డ అంగన్‌వాడీలో కూర్చుంటాడు. అంతకన్నా చిన్నవాడికి సాధారణంగా అక్కడి నుంచి అందేది ఇంటికి ఇచ్చే పోషకాహారమే. పని వేళల్లో వాడిని ఎవరు చూడాలి? అమ్మమ్మ లేకపోతే కూలి మానుకోవాలి, లేదా పసివాడిని పొగాకు ధూళి మధ్యకే తీసుకెళ్లాలి. ఆ తల్లికి నగదు కన్నా ముందు కావలసింది సాయంత్రం దాకా తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం. అదనపు రూపాయి ఏదైనా ఉంటే ముందు అక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం.