పసుపు కనిపిస్తే మందు కొట్టే మోటారు: మిరప రైతు సందేహానికి జవాబు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా మేడికొండూరు మండలం. రెండెకరాల నల్లరేగడిలో మిరప వేశాను. డెబ్బై రోజుల పైరు. వానలు పడినా డ్రిప్ ఆపలేదు, రోజూ గంటన్నర వదులుతున్నాను. చేను చుట్టూ బంతి, లోపల పసుపు జిగురు అట్టలు పెట్టాను. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి గుంజకు కెమెరా కట్టి, వీడియోలో పసుపు రంగు ఒక హద్దు దాటితే స్ప్రే మోటారు దానంతటదే ఆన్ అయ్యేలా చేశాడు. పది రోజుల్లో ఐదుసార్లు మందు కొట్టింది. అయినా చేను పసుపెక్కుతూనే ఉంది. నాకు జెమిని వైరస్ అని అనుమానం. మందుల షాపు ఆయన తామర పురుగు అంటూ మూడు డబ్బాలు ఇచ్చారు, అందులో ఒకటి 'బయో' అట. కెమెరాలో హద్దు ఇంకా తగ్గించాలా, మందు మార్చాలా? ఫోటోలు, వీడియో, మోటారు ఆన్ అయిన వేళలు పంపుతున్నాను.

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ మోటారు వైరు పీకేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

మీ ఫోటోల్లో కొసన ఉన్న లేత ఆకులు పసుపుగా ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముడత ఎక్కడా లేదు. జెమిని వైరస్ అయితే ఆకు పడవలా పైకి ముడుచుకుని, చిన్నదై, మొక్క గిడసబారుతుంది. తామర పురుగైనా ఆకు పైముడత రావాలి. మీది ఇనుప ధాతు లోపం. సున్నం శాతం ఎక్కువున్న నల్లరేగడిలో తేమ ఆరకపోతే వేరు ఇనుమును తీసుకోలేదు. వాన నీటి మీద మీరు రోజూ గంటన్నర డ్రిప్ కూడా వదిలారు. చేనుకు పట్టిన తెగులు అదే.

డ్రిప్ నాలుగైదు రోజులు ఆపండి. పల్లపు వైపు కాలువ తీసి నిలిచిన నీరు బయటికి పంపండి. నేల పైపొర ఆరాక లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకులు బాగా తడిసేలా చల్లండి. ఎకరాకు 200 లీటర్ల నీరు అనుకుంటే కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు అవుతుంది. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, ఆ నీటిలో అన్నభేది వేయాలి. కలిపిన పూటే వాడేయండి, నిల్వ ఉంచితే తుప్పు రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. ఎండ తగ్గాక సాయంత్రం కొట్టండి. వారం తర్వాత రెండోసారి, చిగురు ఇంకా పాలిపోయి ఉంటే మరో వారానికి మూడోసారి. ఇందులో పురుగుమందు, టానిక్కు ఏదీ కలపొద్దు. 'ఎలాగూ కొడుతున్నాం కదా' అని కలిపేస్తారు, అందుకే రెండుసార్లు చెబుతున్నాను: కలపొద్దు.

ఇక కెమెరా సంగతి. మీ అబ్బాయి తెలివిని తక్కువ చేయడం లేదు. కానీ వేళల పట్టీ ఒక్కసారి చూసుకుని ఉంటే నాకు రాసే పని ఉండేది కాదు. ఐదింటిలో నాలుగు సాయంత్రం నాలుగున్నర, ఐదుంపావు మధ్యే ఆన్ అయ్యాయి. పొద్దు వాలేటప్పుడు ఎండ ఎర్రబారి, పచ్చని ఆకు కూడా కెమెరాకు పసుపుగా కనిపిస్తుంది. పైగా వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురును బట్టి రంగులు సర్దే ఏర్పాటు, ఆటోలో ఉంటే, కెమెరా తనకు తోచినట్టు రంగులు దిద్దుతుంది. మబ్బు కదిలినా లెక్క మారుతుంది. వీడియోలో రంగులు పోల్చడానికి వాడే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్‌లో రంగు సంఖ్య 0 నుంచి 179 వరకు ఉంటుంది. పసుపు సుమారు 20–30 దగ్గర, ఆకుపచ్చ 35 నుంచి 85 దాకా. పాలిపోతున్న ఆకు సరిగ్గా ఆ రెండింటి సరిహద్దులో ఉంటుంది. వెలుతురు కాస్త మారితే చాలు, ఇటుది అటు పడుతుంది. ఇది చాలదన్నట్టు మీ వీడియోలో సగం పసుపు బంతిపూలది, మిగిలిన సగం జిగురు అట్టలది. పురుగుల్ని పట్టడానికి మీరు పెట్టిన అట్టలను చూసి మీ యంత్రం చేనుకు మందు కొట్టింది.

రంగు చూసి పనిచేసే యంత్రాలు లేవని కాదు. మిరపకాయల్లో తాలు (రంగు పోయిన కాయలు) ఏరే కలర్ సార్టర్లు చేసేది అదే పని: కెమెరా రంగు తేడా పట్టగానే గాలి ఊది ఆ కాయను పక్కకు తోసేస్తుంది. అక్కడ పెట్టె లోపల లైటు పగలూ రాత్రీ ఒకేలా ఉంటుంది, కాయలు తప్ప కెమెరా ముందు ఇంకేమీ ఉండవు. పొరపాటైతే ఒక కాయ పోతుంది, అంతే. మీ చేలో సూర్యుడు మీ అబ్బాయి చేతిలో లేడు.

ఐదోసారి మోటారు ఆన్ అయింది ఉదయం తొమ్మిదింటికి. ఆ సమయంలో కలుపు తీసేవాళ్లు చేలో ఉన్నారా? ఫోటోల్లో ఒకదానిలో ముగ్గురు ఆడవాళ్లు కనిపిస్తున్నారు, ఒకామె పసుపు చీరలో ఉంది. అది ఆ రోజుదే అయితే, ఆమె చీరను చూసి యంత్రం ఆమె మీదే మందు కొట్టిందన్నమాట. చేతులకు తొడుగు, ముఖానికి గుడ్డ లేకుండా. పురుగుమందు మోటారుకు మనిషి చెయ్యి తప్ప ఇంకే స్విచ్చీ ఉండకూడదు. మందు కొట్టిన చేలోకి కనీసం మర్నాటిదాకా ఎవరినీ దింపకండి.

షాపు ఆయన మాట కూడా తేల్చేద్దాం. తామర పురుగు మిల్లీమీటరు పొడవుంటుంది, గుంజ మీది కెమెరాకు అది కనపడే ప్రశ్నే లేదు. చేలో పది చోట్ల పూలను తెల్ల కాగితం మీద తట్టి చూడండి. 2021–22లో మన జిల్లాను ముంచిన నల్ల తామర పురుగు పూలలోనే దాక్కుంటుంది. దానికి పసుపు అట్టలకంటే నీలం అట్టలు మేలు, ఎకరాకు 25 నుంచి 30 పెట్టండి. కాగితం మీద పురుగులు పాకకపోతే మందు అక్కర్లేదు. ఆయన ఇచ్చిన మూడు డబ్బాల్లో ఒకటి 'బయో' అంటున్నారు, దాని మీద మందు పేరూ లేదు, మోతాదూ లేదు. అలాంటిది చేను గట్టు దాటి లోపలికి రాకూడదు. షాపులో పురుగు పేరు అడిగితే డబ్బా పేరు చెబుతారు! పది రోజుల్లో ఐదు పిచికారీలంటే మిత్ర పురుగులు పోయి, రేపు నల్లి ఎగబడుతుంది. కాయల్లో అవశేషాలు మిగిలితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, ఆ నష్టం చివరికి మిర్చి యార్డులో మీ ధర మీదే పడుతుంది. కాగితం మీద పురుగు కనపడకపోతే, అన్నభేది తప్ప వచ్చే పదిహేను రోజులు ఏదీ కొట్టకండి.

కెమెరా పడేయనక్కర్లేదు. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ (వెలుతురు సర్దుబాటు) ఆటో తీసేసి ఒకచోట లాక్ చేయమనండి. బంతి వరుస, అట్టలు లెక్కలోకి రాకుండా వీడియోలో మిరప సాళ్ల వరకే గీత గీసుకోవాలి. ఒక బూడిద రంగు అట్టను ఎప్పుడూ కనపడేలా కట్టి, దాని రంగు మారిన రోజు లెక్క వదిలేయాలి. రోజూ ఉదయం పది గంటలకే చూడాలి. వరసగా మూడు రోజులు పసుపు పెరిగితే మీ ఫోనుకు మెసేజ్ రావాలి, మీరు వెళ్లి ఆకు తిప్పి చూడాలి. కాయ పండాక ఎరుపు లెక్కపెట్టి కోతకు కూలీలను పిలవడానికీ పనికొస్తుంది. కాకపోతే ఎరుపు ఆ 0–179 రంగు సంఖ్యల లెక్కలో మొదట్లోనూ చివర్లోనూ రెండు ముక్కలుగా ఉంటుంది, రెండూ కలుపుకోమనండి. మోటారుకు ఏదో ఒకటి తగిలించాల్సిందే అనుకుంటే డ్రిప్ మోటారుకు నేల తేమ కొలిచే సెన్సర్ తగిలించండి. మీ చేనుకు కావాల్సింది అది.

వీలు చూసుకుని మట్టి పరీక్ష చేయించండి. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు మట్టి కలిపి, అర కిలో రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. సున్నం శాతం కూడా చూడమని అడగండి. రెండో పిచికారీ అయిన వారానికి కొత్త చిగురు ఫోటో పంపండి, సాయంత్రం ఎండలో తీసింది వద్దు.